బొమ్మ కంటే ముందు కాయితం

(ఫోన్-ఇన్ కార్యక్రమం, వరంగల్. స్టూడియోలో అతిథి: ఫాంటసీ నవలలకు బొమ్మలు గీసే ఫ్రీలాన్స్ చిత్రకారుడు)

యాంకర్: మొదటి కాల్. హలో, ఎక్కడి నుంచి?

కాలర్: హనుమకొండ నుంచి మేడం. నమస్తే. అన్నా, నమస్తే.

యాంకర్: పక్కన రేడియో సౌండ్ తగ్గించండమ్మా, మీ మాట మాకే తిరిగొస్తోంది. ఆ, ఇప్పుడు చెప్పండి.

కాలర్: అన్నా, నేను ఇంట్లనే ట్యాబ్ మీద బొమ్మలేస్త. అమెరికాల ఒకాయన సొంతంగ నవల అచ్చేసుకుంటున్నడు, డ్రాగన్ల కథ. కవర్ బొమ్మ నాకిచ్చిండు. కొంత అడ్వాన్సు పంపిండు. ఇప్పటికి పదకొండుసార్లు మార్పిచ్చిండు. ముందుగాల డ్రాగన్ కొండ మీద కూసోవాలన్నడు. రంగులన్నీ అయినంక ఎగరాలంటున్నడు. మిగిలిన పైసల ముచ్చటే తియ్యడు. మొన్న లేయర్లున్న ఫైలు, అంటే బొమ్మల ఒక్కో భాగం విడివిడిగ ఉండే అసలు ఫైలు పంపు, హక్కులన్నీ నావే అని మెయిల్ పెట్టిండు.

అతిథి: పంపినవా చెల్లె?

కాలర్: ఇంక పంపలే.

అతిథి: హమ్మయ్య. పంపకు. పైసలు వచ్చేదాక చిన్న సైజుది, మీద నీ పేరు అడ్డంగ రాసి ఉన్నదే చూపియ్యి. ఇంతకూ ఏమన్న రాసుకున్నరా?

కాలర్: వాట్సాప్‌ల మాట్లాడుకున్నదే అన్నా.

అతిథి: అందరం అక్కడ్నే దెబ్బ తింటం. నేను కూడ మొదటి రెండేండ్లు గట్లనే చేసిన. మన కాపీరైట్ చట్టం, 1957ది, 17వ సెక్షన్ చూడు. గీసినోళ్లే హక్కుదారు అని మొదలైతది, కిందికి వస్తే మెలిక ఉంటది. పైసలిచ్చి గీపిచ్చుకున్న పెయింటింగ్ అయితే, వేరే ఒప్పందం లేకుంటే, గీపిచ్చుకున్నోళ్లదే హక్కు. ట్యాబ్ మీద వేసింది పెయింటింగ్ కిందికి వస్తదా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. మనకెందుకా లొల్లి? రెండు లైన్లు రాసుకుంటే అయిపాయె.

కాలర్: ఇప్పుడు రాయమంటే ఆయన ఒప్పుకుంటడా?

అతిథి: ఆయనకూ అక్కరే అని చెప్పు. హక్కులు రాసిచ్చేటప్పుడు ఎన్నేండ్లకో రాయకపోతే అయిదేండ్లే అంటది 19వ సెక్షన్. ఏ దేశంలనో రాయకపోతే ఇండియా వరకే. ఆయన పుస్తకం అమ్ముకునేది అక్కడ! అందుకే ఈ నవల కవర్‌కు, ప్రకటనలకు వాడుకోవచ్చు, అన్ని దేశాల్లో, ఇన్నేండ్లు అని రాసి సంతకం పెట్టుకోండ్రి. టీషర్టులు, ఆటల కార్డులు కావాలంటే వేరే ధర. బొమ్మ గీసింది ఎవరో పుస్తకం లోపల పేరు వెయ్యాలె అని కూడ రాయి.

యాంకర్: మరి ఆ పదకొండు మార్పులు?

అతిథి: మేడం, కూసున్న డ్రాగన్‌ను ఎగిరిచ్చుడు మార్పు కాదు, కొత్త బొమ్మ. రెక్క తెరిస్తే భుజం మారుతది, నీడ మారుతది, పుస్తకం పేరు పెట్టే జాగ పోతది. అందుకే మెట్లు పెట్టుకోవాలె. ముందు అరచేతి సైజుల మూడు స్కెచ్చులు. అందుల ఒకటి ఓకే అని మెయిల్ వచ్చినంకనే గీతలు, ఆ తర్వాత రంగు. రంగు మొదలైనంక రెండు చిన్న మార్పులు ఉచితం, మూడోదానికి రేటు. సగం పైసలు ముందు, ఆఖరి ఫైలుకు ముందు మిగిలిన సగం. ఇంకోటి చెల్లె, పేజీలు ఖాయమైనయా?

కాలర్: ఇంకా రాస్తున్నడంట.

అతిథి: అయితే ముందటి అట్ట వరకే ఆపు. అమెజాన్‌ల అచ్చయ్యే పుస్తకానికి క్రీమ్ కాయితమైతే పేజీకి 0.0025 అంగుళం వెన్ను, అంటే రెండు అట్టల నడుమ పుస్తకం మందం. 400 పేజీలకు ఒక అంగుళం. ఆయన ఇంకో 80 పేజీలు రాస్తే వెన్ను లావైతది, నీ డ్రాగన్ తోక పోయి వెన్ను మీద పడ్తది.

యాంకర్: (నవ్వు) తర్వాతి కాల్, భూపాలపల్లి.

కాలర్: సార్, కథల రాజ్యానికి మ్యాపు గీస్తున్న. రైటర్ ఇచ్చిన గీతల ఒక నది నడిమిట్ల చీలి రెండు సముద్రాలకు పోతది. అట్లనే గీయాల్నా?

అతిథి: మీకు కాళేశ్వరం ఎంత దూరం? ప్రాణహిత వచ్చి గోదావరిల కలుస్తది కదా. నదులు కలుసుడే ఎక్కువ. చీలుడు సముద్రం దగ్గర పడ్డంక. మాయ ఉన్న కథైనా నీళ్లు పల్లానికే పారాలె. మాయతోనే చీలిందంటే ఆ ముచ్చట నవలల ఉండాలె. మర్యాదగా అడుగుండ్రి, సంతోషపడ్తరు. రెక్కల గుర్రాలకూ ఇంతే. ఎప్పుడన్న ఆదివారం పాలంపేట పోయి రామప్ప గుడి చూరు కింద తలెత్తి చూడుండ్రి. ఎనిమిది వందల ఏండ్ల కింద చెక్కిన జంతువులు, ఎక్కడా లేనివి. అయినా బరువు మోస్తున్నట్టే ఉంటయి. ఇంటర్నెట్‌ల డ్రాగన్ చూసి డ్రాగన్ గీస్తే అది అందరి డ్రాగనే అయితది.

యాంకర్: ఒక తండ్రి గారు లైన్‌లో ఉన్నారు, జమ్మికుంట నుంచి.

కాలర్: సార్, మా పిలగాడు డిగ్రీ అయినంక ఇదే పని అంటున్నడు. ఇప్పుడు కంప్యూటరే బొమ్మలు గీస్తదంట గద. తిండి పెడ్తదా ఇది?

అతిథి: చిన్న పనులు పోయినయి అన్నా, అబద్ధమెందుకు? వందల రూపాయల కవర్లు ఇప్పుడు ఎవ్వలూ మనుషులతోటి గీపిచ్చరు. కానీ 2023ల అమెరికా కాపీరైట్ ఆఫీసు ఒక కామిక్ పుస్తకం విషయంల, యంత్రం తీసిన బొమ్మలకు కాపీరైట్ లేదని చెప్పింది. అందుకే పేరు నిలుపుకోవాలనుకునే రైటర్లు గీసే మనిషినే వెతుకుతున్నరు. మీ వాడు ఒకే లోకానికి పది బొమ్మలు గీసి చూపియ్యాలె. అదే పిల్ల, అదే మొహం, పది తీర్ల. రైటర్లు చూసేది అదే.

కాలర్: రెండు నెల్లు పని రాకపోతే?

అతిథి: వస్తది ఆ రోజు. నాకు ఒకపారి నాలుగు నెల్లు రాలే. పెండ్లి పత్రికలు, స్కూలు పుస్తకాల బొమ్మలు చేసిన. ఒక ఏడాది ఇంట్ల ఉండి, పొద్దుగాల అసొంటి పని, రాత్రి ఇది చెయ్యమనుండ్రి. మీరు కూడ రోజూ అడగకుండ్రి, ఏమన్న వచ్చిందా అని.

కాలర్: (నవ్వు) అడుగుతనే ఉన్న సార్.

యాంకర్: వార్తల సమయం అయింది. లైన్‌లో ఉన్నవాళ్లు పెట్టేయకండి, వార్తల తర్వాత మాట్లాడుదాం.