మనం సిమ్యులేషన్‌లో ఉంటే పక్కవాడు ఎన్‌పీసీ అయిపోతాడా?

అందరికీ నమస్తే. ఈ టాపిక్ మీద వీడియో ఎప్పటినుంచో పెండింగ్‌లో ఉంది, ఇంక ఆగలేక ఇవాళ కూర్చున్నా. ఎందుకంటే ఈ మధ్య ఎక్కడ చూసినా "వాడొక ఎన్‌పీసీ రా" అనే మాట తెగ వినిపిస్తోంది. ఎన్‌పీసీ అంటే వీడియో గేమ్‌లో ప్లేయర్ ఎవరూ ఆడించని, సొంత మనసు లేని ఉత్త క్యారెక్టర్. సరదాగా అన్నంతవరకు నాకేం ప్రాబ్లం లేదు. కానీ కొంతమంది సీరియస్‌గానే అంటున్నారు, ప్రపంచం సిమ్యులేషన్, అంటే ఎవరో కంప్యూటర్ మీద నడుపుతున్న ఆట, అని సైంటిస్టులు ప్రూవ్ చేసేశారంట, ఎలాన్ మస్క్ కూడా చెప్పాడంట, ఇక ఏదీ నిజం కాదంట, ఎవడేమైపోతే మనకేంటి అంట. ఇందులో ప్రూవ్ చేశారు అన్నది తప్పు, మస్క్ సంగతి సగమే తెలిసిన మాట, ఆ చివరి ముక్క మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

మస్క్‌తో మొదలుపెట్టి త్వరగా ముగిద్దాం. 2016లో కోడ్ కాన్ఫరెన్స్ అనే టెక్ మీటింగ్‌లో అన్నాడు, 1972లో పాంగ్ అనే వీడియో గేమ్ అంటే స్క్రీన్ మీద రెండు గీతలు ఒక చుక్క, ఇప్పుడు గేమ్స్ చూడండి ఎలా ఉన్నాయో, ఇలాగే పెరుగుతూ పోతే గేమ్‌కీ నిజానికీ తేడా ఉండదు, కాబట్టి మనం అసలు ప్రపంచంలో ఉండే ఛాన్స్ బిలియన్లలో ఒకటి అని. జనానికి ఆ బిలియన్ ఒక్కటే గుర్తుండిపోయింది. దాని వెనక ఉన్న అసలు పేపర్ 2003లో వచ్చింది, రాసింది నిక్ బోస్ట్రమ్, అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలాసఫర్. ఆయన ఆ పేపర్‌లో మనం సిమ్యులేషన్‌లో ఉన్నాం అని ఎక్కడా తేల్చలేదు. ఆయన చెప్పింది ఇది.

(స్క్రీన్ మీద మూడు లైన్లు)

మనలాంటి నాగరికతలు ఆ రేంజ్ కంప్యూటర్లు కట్టే లోపే దాదాపు అన్నీ అంతరించిపోతాయి. లేదా, కట్టగలిగే స్థాయికి వెళ్ళినా తమ పూర్వీకుల సిమ్యులేషన్లు నడపాలనే ఇంట్రెస్ట్ దాదాపు ఎవరికీ ఉండదు. ఈ రెండూ కాకపోతే, మనం దాదాపు ఖాయంగా సిమ్యులేషన్‌లోనే ఉన్నాం.

ఈ మూడింట్లో కనీసం ఒకటి నిజం అవ్వాలి, ఆయన వాదన అంతే. ఏది అనేది మనకున్న సమాచారంతో తేలదు అనే ఆయనా అంటాడు. మూడో లైన్ ఒక్కటే కట్ చేసి షార్ట్స్‌లో తిప్పుతున్నారు చూడండి, అక్కడే మొత్తం చెడింది.

ఇప్పుడు అసలు విషయం. సినిమాల్లో చూపించే సిమ్యులేషన్ వేరు, బోస్ట్రమ్ చెప్పేది వేరు. దీనికి నాకు తోలుబొమ్మలాట కన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. తెల్లటి తెర, వెనక దీపం, మేక తోలు బొమ్మలు, తెల్లవార్లూ రామాయణం. సినిమా టైపు సిమ్యులేషన్‌లో మీరు తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడు, ఆటలో మునిగిపోయి ఒళ్ళు మర్చిపోయారు, ఎవరైనా తట్టి లేపితే ఇంటికెళ్ళిపోవచ్చు. బోస్ట్రమ్ టైపులో మీరే బొమ్మ. బయట ఎక్కడా మీ బాడీ పడుకుని లేదు, లేవడానికి ఎవరూ లేరు. తేడా ఒక్కటే, ఈ బొమ్మకి మనసుంది. కంప్యూటర్ మీద సరైన లెక్కలు నడిస్తే దానికి నిజంగానే స్పృహ వస్తుంది అని ఆ పేపర్ ముందే ఒప్పుకుని మొదలవుతుంది. అది మీరు ఒప్పుకోకపోతే వాదన అక్కడే ఆగిపోతుంది, ఒప్పుకోకపోవడం కూడా తప్పేం కాదు, ఫిలాసఫర్లే దానిమీద ఇంకా కొట్టుకుంటున్నారు.

ఇక్కడే "మనవాళ్ళు మాయ అని ఎప్పుడో చెప్పారు" అనేవాళ్ళకి ఒక మాట. అద్వైతంలో చైతన్యమే అసలు సత్యం, జగత్తు దాని మీద ఆధారపడి ఉంది. బోస్ట్రమ్ దగ్గర సరిగ్గా తలకిందులు, చైతన్యమే ఒక కంప్యూటర్ లెక్కలోంచి పుట్టుకొస్తుంది, ఆ కంప్యూటర్ ఇంకో జగత్తులో ఉంది. పైగా శంకరుడు వ్యావహారిక సత్యం, అంటే రోజువారీ బతుకులో చెల్లే నిజం, అని ఈ జగత్తుకంటూ ఒక చోటు ఇచ్చాడు కదా, ఏదీ లెక్కలేదు పొమ్మనలేదు. రెంటినీ ఒకే గాటన కడితే రెంటికీ అన్యాయమే.

సరే, ఇంత పెద్ద బొమ్మలాట ఆడించే ఖర్చు ఎవడు పెడతాడు అంటారా. దీనికి బోస్ట్రమ్ లెక్క వేశాడు, నాకు ఆ పేపర్‌లో బాగా నచ్చే భాగం ఇదే. ఇప్పటిదాకా బతికిన మనుషులు సుమారు 10,000 కోట్లు అనుకుని, ఒక్కో మెదడుకి జీవితం మొత్తంలో ఎన్ని లెక్కలు పడతాయో అంచనా వేసి గుణిస్తే, మొత్తం మానవజాతి ఆలోచనలన్నిటికీ కలిపి ఎక్కువలో ఎక్కువ 1 పక్కన 36 సున్నాలు, అన్ని లెక్కలు పడతాయి. ఒక గ్రహం సైజు కంప్యూటర్ కడితే అది సెకనుకి 1 పక్కన 42 సున్నాలు చెయ్యగలదని అంచనా. అంటే దాని ఒక్క సెకను పనిలో పది లక్షల్లో ఒక వంతు చాలు, మన చరిత్ర మొత్తం అయిపోతుంది. మరి కొండలు, సముద్రాలు, నక్షత్రాలు? బొమ్మలాటలో అరణ్యకాండకి అడవి మొత్తం చెక్కుతారా, తెర మీద రెండు చెట్లు పెడతారు. అలాగే భూమి లోపల ప్రతి అణువునీ లెక్కెయ్యక్కర్లేదు, ఎవరైనా తవ్వి చూసినప్పుడు చూపిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఎలా బతకాలి అన్న ప్రశ్న. 2001లోనే, బోస్ట్రమ్ పేపర్ ఇంకా డ్రాఫ్ట్‌గా ఉన్నప్పుడే, జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఎకనామిస్ట్ రాబిన్ హాన్సన్ దీనిమీద ఒక వ్యాసం రాశాడు. ఆయన లాజిక్ ఏంటంటే, సిమ్యులేషన్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు కాబట్టి రేపటి గురించి తక్కువ ఆలోచించు, ఈ రోజు కోసం బతుకు, ఎంటర్‌టైనింగ్‌గా ఉండు, ఫేమస్ వాళ్ళ దగ్గర్లో ఉండి వాళ్ళని సంతోషంగా ఉంచు, మిగతావాళ్ళ గురించి కాస్త తక్కువ పట్టించుకో. బొమ్మలాట భాషలో చెప్పాలంటే నవ్వించే బొమ్మ కేతిగాడివి అయిపో. రాముడి కథ నడుస్తున్నా సరే మధ్యలో కేతిగాడు, బంగారక్క వస్తే జనం లేచి కూర్చుంటారు, వాళ్ళని ఎవరూ పెట్టెలో పెట్టెయ్యరు.

నాకు ఇది ఎక్కదు. ఆడించేవాడికి ఏం కావాలో మనకి తెలుసా? వాడికి నవ్వులు కావాలో, కరువుకాలంలో జనం ఎలా బతికారో చూడాలని ఉందో, ఎకనామిక్స్ మోడల్ కావాలో, లేక మనం అసలు అనుకోని సైడ్ ఎఫెక్టేనో! తెలియని ప్రేక్షకుడి కోసం తెలిసిన మనుషుల్ని తక్కువ చెయ్యడం ఏం లాజిక్ అండి? బోస్ట్రమ్ కూడా దీనికి తన పేపర్‌లో ఆన్సర్ ఇచ్చాడు, ఆడించేవాళ్ళ గురించి తెలుసుకోవడానికి మనకున్న మంచి దారి మనకి కనిపించే ప్రపంచాన్ని స్టడీ చెయ్యడమే, మామూలుగా ప్లాన్లు వేసుకుని బతకొచ్చు, పిచ్చెక్కాల్సిన పని లేదు అని.

ఇక ఎన్‌పీసీ. ఒకే ఒక్క బొమ్మకి మనసు పెట్టి, మిగతావన్నీ ఉత్త తోలుగా ఆడించడం కుదురుతుందా? కుదురుతుంది, అది చవక కూడా. అలాంటిది కూడా ఆ పేపర్‌లో ఉంది. కానీ లెక్క చూడండి. ఫుల్ ఆట ఒక్కటి ఆడిస్తే అందులో 10,000 కోట్ల మనసులు. ఒక్క మనసున్న ఆటలో ఒక్కటే. కాబట్టి "ఆ ఒక్కణ్ణీ నేనే" అనుకోవడానికి కారణం ఉండాలంటే, అలాంటి ఆటలు ఫుల్ ఆటల కన్నా 10,000 కోట్ల రెట్లు ఎక్కువ ఆడుతూ ఉండాలి. అన్ని ఆడుతున్నాయని నమ్మడానికి ఏ ఆధారం ఉంది మీ దగ్గర? సిమ్యులేషన్ వాదన నమ్మేవాడు ఆ వాదన ప్రకారమే పక్కవాడికి మనసుందని నమ్మాలి. మీ అమ్మకి మోకాలు నొప్పి అంటే అది నొప్పే, సిలికాన్ మీద నడిచినా నరాల మీద నడిచినా. డేవిడ్ చామర్స్ అనే ఫిలాసఫర్ ఇంకో అడుగు ముందుకెళ్ళి, సిమ్యులేషన్ అయినా సరే ఈ కుర్చీ నిజం కుర్చీయే, దాని అడుగున ఉన్నది బిట్లు, అంటే కంప్యూటర్‌లోని సున్నాలు ఒకట్లు, అని తెలిసిందంతే అంటాడు. నేను ఈ విషయంలో పూర్తిగా ఆయన వైపే.

ఇంకోటి, ఆడించేవాడు కూడా ఇంకొకడి బొమ్మ అయ్యుండొచ్చు కదా, వాడి పైన ఇంకొకడు. పైవాడు మనల్ని చూసి లెక్క కడతాడేమో అనే అనుమానం ప్రతి అంతస్తులోనూ ఉంటుంది, అన్నిటికన్నా పైనున్న అసలు ప్రపంచంలో ఉన్నవాళ్ళక్కూడా, ఎందుకంటే తాము అసలు అని వాళ్ళకీ గ్యారంటీ లేదు. అందుకని అందరూ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని కింది బొమ్మలతో మంచిగా ఉండే కారణం దొరుకుతుంది అంటాడు బోస్ట్రమ్. ఎవడికి ఏమైనా మనకేంటి అనేవాళ్ళకి ఇది చూపించాలి.

టైం అయిపోతోంది, టెస్టుల సంగతి స్పీడ్‌గా చెప్పేస్తా. 2017లో రింగెల్, కొవ్రిజిన్ అనే ఫిజిసిస్టుల పేపర్ వచ్చినప్పుడు "సిమ్యులేషన్ కాదని తేలిపోయింది" అని హెడ్‌లైన్లు పెట్టారు, ఆ పేపర్ అసలు సబ్జెక్టే అది కాదు, కొన్ని క్వాంటమ్ సిస్టమ్స్‌ని మామూలు కంప్యూటర్ మీద నడపడం ఎంత కష్టమో చెప్పారంతే. 2020లో కొలంబియా యూనివర్సిటీ డేవిడ్ కిప్పింగ్ ప్రాబబిలిటీ లెక్కేసి మనం సిమ్యులేషన్‌లో ఉండే ఛాన్స్ 50 శాతం కన్నా కొంచెం తక్కువ అన్నాడు, బిలియన్ ఎక్కడ, ఇదెక్కడ. 2012లో బీన్, దవూదీ, సావేజ్ అనే ఫిజిసిస్టులు ఒక ఐడియా ఇచ్చారు, మన చుట్టూ ఉన్న స్పేస్ ఒక గళ్ళ గ్రిడ్ మీద నడుస్తుంటే, అతి ఎక్కువ ఎనర్జీ ఉన్న కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చి భూమి మీద పడే కణాలు, అన్ని దిక్కుల నుంచీ ఒకేలా రాకుండా ఆ గళ్ళ దిశల్ని పట్టిస్తాయి అని. ప్రెస్టన్ గ్రీన్ అనే ఫిలాసఫర్ అయితే ఇలాంటి టెస్టులు చెయ్యొద్దు, తెలిసిపోతే ఆట ఆపేస్తారు అని 2019లో రాశాడు. మళ్ళీ ఆడించేవాడి మనసు మనకి తెలిసినట్టే మాట్లాడుతున్నాడు, అందుకే నేను ఒప్పుకోను. టెస్ట్ చెయ్యాల్సిందే. ఆ కాస్మిక్ కిరణాల్ని పట్టడానికి అర్జెంటీనాలో 3,000 చదరపు కిలోమీటర్ల మీద నీళ్ళ ట్యాంకులు పెట్టి ఎప్పటినుంచో లెక్కపెడుతున్నారు, సిమ్యులేషన్ కోసం కాదులెండి, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవడానికి. ఆ ట్యాంకులు ఎలా పనిచేస్తాయో నెక్స్ట్ వీడియోలో. ఉంటానండి.