కరెన్ దళాలు: మారిన జెండాలు

మిత్రులారా,

2025 మార్చిలో మన వాయుసేన విమానాలు థాయ్‌లాండ్ నుంచి ఐదు వందల మందికి పైగా భారతీయులను తీసుకొచ్చాయి. ఏజెంట్ల మాట నమ్మి ఉద్యోగాలకని వెళ్లి, బర్మా సరిహద్దులోని మ్యావడీ దగ్గర సైబర్ మోసాల కేంద్రాల్లో ఇరుక్కుపోయిన వాళ్లు వీళ్లు. అందులో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఆ నేల చాలావరకు బర్మాలోని కరెన్ జాతికి చెందిన ఒక సాయుధ దళం చేతిలో ఉంది. బర్మా సైన్యం మీద 1949 నుంచి పోరాడుతున్న జాతి అక్కడిదాకా ఎలా వచ్చింది?

ఆ పోరాటాన్ని నడిపిన సంస్థ కరెన్ నేషనల్ యూనియన్‌. దాని నాయకుల్లో ఎక్కువమంది క్రైస్తవులు. ముందు వరసలో తూటాలకు ఎదురెళ్లిన వాళ్లలో ఎక్కువమంది బౌద్ధ రైతు బిడ్డలు. పదవుల్లో తమకు చోటు లేదన్న కడుపుమంట వాళ్లలో ఏళ్ల తరబడి ఉంది. ఊ తుజన అనే భిక్షువు యూనియన్ కేంద్రమైన మనెర్‌ప్లా ప్రాంతంలో కొండమీద తెల్ల పగోడా కడతానన్నాడు. తెల్లగా మెరిస్తే శత్రు విమానాలకు గురి దొరుకుతుందని నాయకులు వద్దన్నారు. సైనికపరంగా అది సరైన మాటే. కానీ అప్పటికే మనసు విరిగిన సైనికుడికి అది తన దేవుణ్ణి కాదన్నట్టు వినిపించింది. 1994 డిసెంబర్‌లో ఆ బౌద్ధ సైనికులు విడిపోయి డీకేబీఏ (డెమోక్రటిక్ కరెన్ బుద్ధిస్ట్ ఆర్మీ) పెట్టుకున్నారు. బర్మా సైన్యానికి అడవి దారులు చూపించారు. 1995 జనవరి 27న మనెర్‌ప్లా పడిపోయింది.

వాళ్లను ద్రోహులని తేల్చేయడం తేలిక. నేను మాత్రం తప్పులో పెద్ద వాటా నాయకత్వానిదే అంటాను. అయితే ఆ తర్వాత థాయ్ గడ్డమీది హువాయ్ కలోక్ శరణార్థి శిబిరాన్ని డీకేబీఏ రెండుసార్లు తగలబెట్టింది. లోపల ఉన్నదీ కరెన్‌లే. దాన్ని ఏ కడుపుమంటా సమర్థించలేదు.

2010లో డీకేబీఏలో అధిక భాగం సైన్యం కింద సరిహద్దు రక్షక దళంగా మారింది. ఒప్పుకోని వర్గం ఎన్నికల రోజున మ్యావడీలో తిరగబడింది. వేలమంది నది దాటి థాయ్ పట్టణం మేసోట్‌కు పరుగెత్తారు.

ఇక సా చిట్ తూ సంగతి. డీకేబీఏలో ఎదిగి, రక్షక దళానికి పెద్ద అయ్యాడు. మ్యావడీ దగ్గరి ష్వే కొక్కో చుట్టూ కాసినోలు, మోసాల కేంద్రాలు లేచింది ఆయన నీడలోనే. 2024 జనవరిలో సైన్యం జీతాలు ఇక వద్దన్నాడు, మార్చిలో దళానికి కరెన్ నేషనల్ ఆర్మీ అని పేరు మార్చాడు. ఆ ఏప్రిల్‌లో యూనియన్ దళాలు మ్యావడీలో సైన్యం 275వ బెటాలియన్ స్థావరాన్ని పట్టుకున్నాయి. ఓడిన సైనికులు థాయ్‌లాండ్‌కు దారితీసే స్నేహ వంతెన కింద తలదాచుకుంటే, వాళ్లకు రక్షణగా నిలిచింది ఆయన మనుషులే. నెల తిరక్కముందే సైన్యం జెండా మళ్లీ ఎగిరింది.

1994లో విడిపోయిన వాళ్లకు ఒక గాయం ఉంది. 2024లో అటూ ఇటూ కాకుండా నిలబడ్డ వాళ్లకు కాపాడుకోవాల్సిన వ్యాపారం ఉంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘కరెన్‌ల అనైక్యత’ అని రాసే వాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ వ్యాపారం సొమ్ములో మన ఇళ్ల నుంచి వెళ్లిన పిల్లల చెమట కూడా ఉంది.