రోడ్డు దాటాలంటే బండి ఎంత దూరంలో ఉండాలి? ఒక్క షీట్‌లో లెక్క

హాయ్ అండి, నమస్కారం. ఈరోజు చిన్న షీట్ ఒకటి చేద్దాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. "చూసుకుని నడవాలి కదా" అనేస్తాం. సరే, ఎంత దూరం చూడాలో లెక్క కడదాం.

గూగుల్ షీట్స్ తెరవండి. ఏ (A) కాలమ్‌లో చోటు, బి (B)లో రోడ్డు వెడల్పు, సి (C)లో నడక వేగం, డి (D)లో బండి వేగం. ఇదిగో ఇలా. అయిపోయింది.

చోట్లు రెండు, రెండూ 65వ నంబర్ జాతీయ రహదారి మీదే. ఒకటి దిల్‌సుఖ్‌నగర్, రెండోది చౌటుప్పల్ దాటాక ఏదో ఒక పల్లె. డివైడర్ వరకే లెక్క. సిటీలో మూడు లేన్లు అనుకుందాం, 10.5 మీటర్లు. పల్లె దగ్గర రెండు లేన్లు, 7 మీటర్లు. మీ రోడ్డు వెడల్పు మ్యాప్స్‌లో కొలవండి, రైట్ క్లిక్ చేస్తే మెజర్ డిస్టెన్స్ వస్తుంది. టేపు పట్టుకుని హైవే మీదకి మాత్రం వెళ్లకండి, ప్లీజ్.

బండి వేగం సిటీలో గంటకు 40 కిలోమీటర్లు, హైవే మీద 80. కొట్టేశాం.

ఇప్పుడు సి కాలమ్. ఇక్కడ ఆగండి, నేను బోల్తాపడింది ఇక్కడే. సిగ్నళ్ల లెక్కలో నడక వేగం సెకనుకు 1.2 మీటర్లు అంటారు. నేనూ అన్ని వరసల్లో 1.2 కొట్టేసి వీడియో కూడా రికార్డ్ చేశా. తర్వాత ఊరెళ్లి, నాయనమ్మతో బస్సు దిగి రోడ్డు దాటుతూ ఫోన్లో టైం చూశా. 7 మీటర్లకి 9 సెకన్లు! అంటే 0.78. ఆ వీడియో డిలీట్. అందుకే ప్రతి చోటుకీ రెండు వరసలు పెట్టండి, ఒకటి మీకు, ఒకటి పెద్దవాళ్లకి.

ఈ (E) కాలమ్‌లో బండి ఉండాల్సిన దూరం, దానికి ఫార్ములా: ఈక్వల్ టు బి2 బై సి2 ఇంటూ డి2 బై 3.6. గంటకు కిలోమీటర్లని సెకనుకు మీటర్లుగా మార్చేది ఆ 3.6, అది మర్చిపోతే అంకె మూడున్నర రెట్లు పెరిగిపోతుంది. కిందకి లాగడానికి మౌస్ వద్దు, సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొట్టండి, హాయి.

చూడండి. పల్లె, మన నడక: 130 మీటర్లు. నాయనమ్మ నడక: 200. బండి అంత దూరంలో ఉంటేనే ఆవిడ దాటగలదు. రాత్రి లైట్లు లేని చోట, డిమ్‌లో వచ్చే కారుకి ముదురు రంగు చీర కనిపించేది 40 మీటర్లలోపే అనుకోండి. డ్రైవర్ చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు అక్కడే అయిపోయాయి. ఇంక మిగిలింది ఏడు! పైగా డివైడర్ మీద గన్నేరు చెట్లు. చూడ్డానికి బాగుంటాయి, వెనకాల నిలబడ్డ పిల్లాడు మాత్రం కనిపించడు.

సిటీ వరస: 97, పెద్దవాళ్లకి 150. వేగం తక్కువే కానీ ఇక్కడ షీట్ పట్టుకోలేనిది ఒకటుంది. ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండి, పక్కన నాలుగు బైకులు. మనిషి దాటకపోయినా రోడ్డు మీదే నడుస్తాడు. అందుకే ఎఫ్ కాలమ్: ఫుట్‌పాత్ ఖాళీగా ఉందా? అవును, కాదు, అంతే. ఆగిన బస్సు ముందు నుంచి దాటే చోటైతే జీలో టిక్ పెట్టండి, పక్క లేన్ బండికి ఆ మనిషి అస్సలు కనిపించడు.

మీ ఊరి రోడ్డుకి ఈ (E) కాలమ్‌లో ఎంత వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. రాత్రి వరస వేరుగా పెట్టండి, మర్చిపోకండి.