రిపోర్టులో ‘లేదు’ అని వస్తే

పెద్దలందరికీ, అమ్మలకు నమస్కారం.

నా చిన్నప్పుడు మా ఊరికి రాత్రి పది దాటాక ఫైలేరియా వాళ్ళు, అంటే బోదకాలు జబ్బుకి రక్తపరీక్ష చేసేవాళ్ళు, వచ్చేవారు. నిద్రపోతున్న పిల్లల్ని లేపి, వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తపు చుక్క రాసుకుని వెళ్ళేవారు. మేం ఏడుపు లంకించుకునేవాళ్ళం. “ఇదేదో పగలు వచ్చి చావకూడదా” అని మా నాయనమ్మ కసురుకునేది. ఈ కోనసీమలో నా వయసు వాళ్ళకి ఆ సూది గుర్తుండే ఉంటుంది.

నాయనమ్మ ప్రశ్నకు జవాబు నాకు మెడికల్ కాలేజీలో దొరికింది. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో ఉంటాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, ముఖ్యంగా రాత్రి పది నుంచి రెండు మధ్య, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అదే మనిషికి మధ్యాహ్నం రక్తం తీసి చూస్తే పలక మీద ఏమీ కనబడకపోవచ్చు. పరీక్ష చేసినవాడి తప్పేమీ లేదు, వేళ తప్పు.

తర్వాత కార్డు పరీక్ష వచ్చింది. పెద్ద పురుగులు రక్తంలోకి వదిలే పదార్థాన్ని అది పట్టుకుంటుంది, కాబట్టి ఏ వేళ చేసినా ఫరవాలేదు. చాలా మంచి పరీక్ష. అయితే ఓసారి ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. మోకాలి కింద నుంచి కాలంతా బోద. చేతిలో కార్డు పరీక్ష రిపోర్టు. “ఆయ్, లేదని రాసిచ్చారండి. మరి ఈ కాలేంటండి?” అన్నాడు. పురుగులు ఎప్పుడో చచ్చిపోయాయి. అవి పాడుచేసిన లింఫు నాళాలు, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాలు, మాత్రం బాగుపడలేదు. బోదకాలు ముదిరినవాళ్ళలో చాలామందికి కార్డు ‘లేదు’ అనే చెబుతుంది. ఇంకోవైపు, మందులతో పురుగులు చచ్చాక కూడా కొన్నాళ్ళపాటు కార్డు ‘ఉంది’ అనవచ్చు.

ఇక అల్ట్రాసౌండ్. మగవాళ్ళకి వృషణాల దగ్గర స్కాన్ చేస్తే, బతికున్న పురుగులు లింఫు నాళాల్లో మెలికలు తిరుగుతూ కనబడతాయి. డాక్టర్లు దాన్ని ఫైలేరియా డ్యాన్స్ అంటారు. మొదటిసారి తెర మీద చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఒకే జబ్బుకి మూడు పరీక్షలు, మూడు ప్రశ్నలు. ఈ మనిషి నుంచి దోమకు జబ్బు అంటుతుందా అని రాత్రి రక్తం చెబుతుంది. ఒంట్లో పెద్ద పురుగులు ఉన్నాయా అని కార్డు, అవి బతికున్నాయా అని స్కాన్ చెబుతాయి. ఆ రైతు కాలికి ఏం చేయాలో మూడూ చెప్పవు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, పుండ్లు పడకుండా చూసుకోవాలని చెప్పి పంపాను.

వేళ సంగతి ఫైలేరియాకే కాదు. గుండెపోటులో, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. నొప్పి మొదలైన గంటకే చేసి ‘నార్మల్’ అని వచ్చినా, అందుకే మళ్ళీ చేయమంటారు. దయచేసి మొదటి రిపోర్టు చూసుకుని ఇంటికి వెళ్ళిపోకండి. డెంగీలో వైరస్ వదిలే ప్రోటీన్‌ని పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో పనికొస్తుంది, తర్వాత ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీని పట్టే ఐజీఎం చూడాలి.

ఒక పరీక్ష మంచిదో కాదో తేల్చడం కూడా తేలిక కాదు. టీబీకి రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్షలు మన దేశంలో విపరీతంగా అమ్ముడుపోయాయి. జబ్బు లేనివాళ్ళకి ఉందని, ఉన్నవాళ్ళకి లేదని చెప్పేవి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దంది. 2012లో మన ప్రభుత్వం నిషేధించింది. అన్నేళ్ళు ఎలా చెలామణీ అయ్యాయంటారా? ముదిరిన టీబీ రోగుల్ని ఓ పక్కన, పూర్తి ఆరోగ్యవంతుల్ని మరో పక్కన పెట్టి చూస్తే ఎంత నాసి పరీక్షయినా గొప్పగా కనబడుతుంది. కొబ్బరికాయనీ తాటికాయనీ వేరుచేయడం ఎవరికైనా వచ్చు. రెండు కొబ్బరికాయల్లో ఏది ముదురో, ఏది లేతో వేలితో కొట్టి చెప్పగలవాడే పనివాడు. క్లినిక్‌కి వచ్చేవాళ్ళందరికీ దగ్గే ఉంటుంది. అందులో టీబీ దగ్గు ఏదో చెప్పాలి. చెస్ట్ ఎక్స్‌రే అనుమానాన్ని బాగా పట్టిస్తుంది, కానీ ఎప్పుడో మానిన మచ్చనీ చూపిస్తుంది. అందుకే తర్వాత కళ్ళె పరీక్ష, అంటే కళ్ళెలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ, చేయించాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కాస్త ఓపిక పట్టండి. వెయ్యిమంది ఉన్న ఊళ్ళో పదిమందికి ఒక జబ్బు ఉందనుకుందాం. మన పరీక్ష ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పడుతుంది. జబ్బు లేని ప్రతి వందమందిలో పదిమందికి పొరపాటున ‘ఉంది’ అంటుంది. ఊరంతటికీ చేస్తే నిజంగా ఉన్న తొమ్మిదిమందితో పాటు, లేనివాళ్ళు 99 మంది పాజిటివ్ అవుతారు. అంటే పాజిటివ్ వచ్చిన పన్నెండుమందిలో ఒక్కరికే జబ్బు. అదే పరీక్షని, లక్షణాలు చూసి డాక్టర్ అనుమానపడిన వెయ్యిమందికి, వాళ్ళలో సగంమందికి జబ్బు ఉన్నచోట చేస్తే, పాజిటివ్ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమందికి ఉంటుంది. పరీక్ష మారలేదు. ఎవరికి చేశామన్నదే మారింది. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఏ లక్షణం లేనివాళ్ళకి క్యాన్సర్ మార్కర్లు (క్యాన్సర్ ఉంటే పెరగొచ్చనే పదార్థాల్ని చూసే రక్తపరీక్షలు) కలిపి అమ్మడం మీద నాకు కోపం ఇందుకే.

మొన్నీమధ్య ఒక రిటైర్డ్ మాష్టారు వచ్చారు. ఏదో క్యాంపులో చేయించుకున్న ప్యాకేజీలో పీఎస్‌ఏ, అంటే ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చూసే మార్కర్, ఎక్కువ వచ్చింది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆయనకి అన్నం సయించలేదు, పొలం కాగితాలు కూడా సర్దేసుకున్నారు. మాట్లాడితే తెలిసింది, అప్పుడాయనకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది. ఇన్‌ఫెక్షన్‌లో పీఎస్‌ఏ పెరుగుతుంది, ప్రోస్టేట్ వయసుతో ఉబ్బినా పెరుగుతుంది. మందులు ఇచ్చి, కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయిస్తే మామూలుగా వచ్చింది. ఎమ్మారై దాకా వెళ్ళాల్సిన పనే పడలేదు.

ఆ క్యాంపులో రక్తం తీసినప్పుడు, “మూత్రానికి వెళ్తుంటే మంటగా ఉంటోందా మాష్టారూ?” అని ఆయన్ని ఎవరూ అడగలేదు.