వెంకన్న అల్లుడైన ఊళ్లో మతం: కడప స్టూడియో చర్చ

యాంకర్: మేడమ్, దేవుడు ఉన్నాడా లేడా అన్నదానికి సోషియాలజీ ఏమంటుంది?

సోషియాలజీ అధ్యాపకురాలు: ఆ ప్రశ్న మా సబ్జెక్టు వేసుకోదండీ. నమ్మినవాళ్లు కలిసి ఏం చేస్తున్నారు, దానివల్ల వాళ్ల మధ్య ఏం మారుతోంది అన్నదే మేం చూస్తాం. మన ఊరే తీసుకోండి. ఉగాది పొద్దున దేవుని కడప గుడికి పోతే, ముస్లిం కుటుంబాలు టెంకాయలు పట్టుకొని వరుసలో నిలబడి ఉంటాయి. స్వామి భార్య బీబీ నాంచారి వాళ్ల ఇంటి ఆడబిడ్డ అని వాళ్ల నమ్మకం, అందుకే వెంకటేశ్వరస్వామి అల్లుడు. పండగనాడు అల్లుణ్ణి చూడకుండా ఎట్లుంటారు? జనాభా లెక్కల్లో వాళ్లది ఒక మతం, పూజారిది ఇంకో మతం. ఆ పొద్దున మాత్రం చుట్టరికమే కనిపిస్తుంది. ఫ్రెంచ్ సోషియాలజిస్టు ఎమిల్ దుర్ఖైమ్ 1912లో చెప్పింది దీనికి దగ్గరగా ఉంటుంది. కొన్నిటిని పవిత్రమని వేరుగా ఉంచి, వాటి చుట్టూ జనం ఒకటి కావడమే మతమన్నాడు.

రిటైర్డ్ ఉపాధ్యాయుడు: నేను సగమే ఒప్పుకుంటానమ్మా. మా ఊరి జాతరలో మా నాయన డప్పు కొట్టేవాడు. ఆయన డప్పు మోగితేనే అమ్మవారు కదిలేది. 1947లోనే మద్రాసు ప్రభుత్వం దళితులను గుళ్లోకి రానిచ్చే ఆలయ ప్రవేశ చట్టం తెచ్చింది, కడప అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. అయినా చచ్చేవరకు ఆయన ఆ గుడి గడప దాటలేదు. జనం ఒకటయ్యారంటే, ఏ జనం?

అధ్యాపకురాలు: (కాసేపు ఆగి) నిజం సార్. దుర్ఖైమ్ దగ్గర మా విద్యార్థులు కూడా ఇదే అడుగుతారు. కులాన్ని నిలబెడుతున్నది శాస్త్రాల పవిత్రతేనని అంబేద్కర్ 1936లో తేల్చి చెప్పాడు. ఇక మార్క్స్ అనగానే అందరికీ మతం జనానికి నల్లమందు అన్న మాటే గుర్తొస్తుంది. అక్కడే ఆయన మతాన్ని అణగారిన జీవి నిట్టూర్పు అని కూడా అన్నాడు.

ఉపాధ్యాయుడు: నిట్టూర్పు కాదమ్మా. మా నాయనకు ఆ డప్పు గర్వం.

అధ్యాపకురాలు: ఆ మాట రాసుకుంటున్నా సార్. క్లాసులో చెప్తా.

యాంకర్: చదువులు పెరిగితే మతం తగ్గిపోతుందని అనేవాళ్లు కదా?

అధ్యాపకురాలు: సోషియాలజిస్టు పీటర్ బర్జర్ 1960లలో అలాగే అనుకున్నాడు, తర్వాత పొరబడ్డానని తనే ఒప్పుకున్నాడు. తిరుమల 300 రూపాయల టికెట్ ఇప్పుడు ఫోన్లోనే తీసుకుంటున్నాం, భక్తి ఎక్కడ తగ్గింది? నా టెన్షన్ వేరే. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రానికి కుళ్లాయిస్వామి పీర్ల దగ్గరికి రెండు మతాలవాళ్లూ పోతారు. అలాంటి చోట్ల గురించి చదువుకున్న పిల్లలు "ఇది మన మతంలో ఉందా?" అని అడుగుతున్నారు. వాళ్ల అవ్వలకు ఆ ప్రశ్నే రాలేదు. మతం పేరు గట్టిపడేకొద్దీ ఈ చుట్టరికాలకు చోటు తగ్గుతోందని నా భయం.

యాంకర్: సార్, మీ ఊళ్లో ఇప్పుడెట్లా ఉంది?

ఉపాధ్యాయుడు: మా మనవరాలు ఆ గుళ్లోకి పోయి దండం పెట్టుకొని వస్తుంది. డప్పు కొట్టడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ రాదు. జాతరకు బయటినుంచి పిలిపిస్తున్నారు.