పాత పీసీలో కొత్త కార్డు: పవర్ వైరు అక్కర్లేదన్నారు, మరి మానిటర్ వైరు?

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కార్డు నేను కొన్నది కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెలిసిన షాపాయన రెండు వారాలు వాడి తిరిగిచ్చేయమన్నాడు. డబ్బులేం ఇవ్వలేదు. ఎన్విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 6 జీబీ మెమరీది. కోర్లు, క్లాకులు మీరు ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

నా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఐ5 4570 ప్రాసెసర్, 2013 నాటిది. ఏదో ఆఫీసువాళ్లు తీసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. పవర్ సప్లై 290 వాట్లు, కార్డుకి పెట్టడానికి 6 పిన్ వైరు కూడా లేదు. పోనీ సప్లై మారుద్దామంటే బోర్డుకి వెళ్లే కనెక్టరు మామూలుది కాదు. అందుకే ఈ కార్డంటే నాకంత ముద్దు. తాగేది 70 వాట్లు, బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటే 75 ఇస్తుంది. గుచ్చితే అయిపోయింది. కానీ షాపులో ఉత్త "3050" అని అడక్కండి. 8 జీబీది 130 వాట్ల కార్డు, దానికి విడిగా పవర్ వైరు కావాలి.

ఇక నన్ను ఏడిపించింది చెప్తా. నా మానిటర్‌కి ఉన్నది ఒక్క వీజీఏ, అదే పాతకాలం మానిటర్ పోర్టు. ఇంతకుముందు వాడిన 750 టీఐ కార్డుతో, దాని డీవీఐ అనే పోర్టుకి పెట్టి వీజీఏ వైరు తగిలించే తెల్లటి చిన్న కన్వర్టర్ వచ్చింది, ఆరేడేళ్లు దాంతోనే లాగించా. ఈ కార్డుకీ డీవీఐ ఉంది కదా అని ధీమాగా పెట్టబోయా. దిగదే! గట్టిగా నొక్కబోయి, ఎందుకైనా మంచిదని ఫోన్ టార్చ్ వేసి చూశా. కన్వర్టర్‌లో బల్లపరుపు పిన్ను చుట్టూ నాలుగు చిన్న పిన్నులుంటాయి. కార్డు వైపు వాటికి రంధ్రాలే లేవు! వీజీఏకి కావాల్సిన అనలాగ్ సిగ్నల్ మోసేవి అవే. 1000 సిరీస్ నుంచే ఎన్విడియా వాటిని తీసేసింది. నాకు తెలిసింది మాత్రం రాత్రి పదకొండింటికి, షాపులన్నీ మూసేశాక. మర్నాడు లోపల చిప్ ఉండే హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ తెచ్చాకే బొమ్మ వచ్చింది.

పాత బోర్డులో కార్డు గుచ్చే స్లాటు పాత తరం పీసీఐఈ 3.0 కదా, కార్డు స్లో అవదా అంటారా? ఇది 8 లేన్లు, అంటే డేటా వెళ్లే దారులు, వాడుతుంది, నాకైతే ఇబ్బంది తెలియలేదు. అదే ఏఎండీ వాళ్ల 6500 ఎక్స్‌టీ కార్డు అయితే 4 లేన్లే. దాని 4 జీబీ మెమరీ నిండిందా, ఇలాంటి బోర్డులో నత్తనడకే. పెద్ద ఓపెన్ వరల్డ్ గేముల్లో మాత్రం నా ప్రాసెసర్ 100 శాతానికి వెళ్లి చేతులెత్తేస్తోంది, కార్డేమో తీరిగ్గా కూర్చుంటోంది. అది కార్డు తప్పు కాదు, నాలుగు కోర్ల ముసలాయన్ని ఏమనగలం?

సోమవారం తిరిగివ్వాలి. షాపాయన ఈ వీడియో చూస్తుంటే ఒక మాట: అన్నా, కార్డు తిరిగి రాదు, డబ్బులు పంపిస్తా. రేటు మాత్రం కాస్త చూసి చెప్పు.