19 లీటర్ల హోమ్‌బ్రూ కిట్ రివ్యూ: మండె కట్టిన బార్లీ నుంచి బ్లాండ్ ఏల్ దాకా

నమస్కారం. బ్లాండ్ ఏల్ అనే లేత రంగు బీరును ఇంట్లోనే కాచుకునే కిట్ గురించిన ఈ వీడియోను నేను అమలాపురం దగ్గర మా ఊళ్ళో, కాలువ గట్టు పక్కన ఉన్న మా ఇంటి అరుగు మీద కూర్చుని రికార్డు చేస్తున్నాను. కానీ తెర మీద మీకు కనిపించబోయే గిన్నెలు, సంచీ, బకెట్టు అన్నీ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మా అక్కా బావల ఇంట్లోవి. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. అక్కడ 21 ఏళ్ళు నిండినవారు సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవచ్చు. 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఫెడరల్ స్థాయిలో ఆ వీలు కలిగింది. మన దగ్గర 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి ఇక్కడ ఉండి చూస్తున్నవారు పద్ధతి తెలుసుకోవడానికి మాత్రమే చూడండి. అక్కడ ఉన్న మనవాళ్ళు మాత్రం కిట్ కొనే ముందు చివరిదాకా చూడండి.

కిట్‌లో మూతకు థర్మామీటరు బిగించిన 40 లీటర్ల స్టీలు డేగిసా, సన్నటి వలతో కుట్టిన పెద్ద నైలాన్ సంచీ, అడుగున కుళాయి ఉన్న ప్లాస్టిక్ బకెట్టు, గాలిని బయటికే తప్ప లోపలికి వదలని ఎయిర్‌లాక్, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు, సీసా మూతలు బిగించే పరికరం వచ్చాయి. వీటితో పాటు పిండి చేయకుండా కచ్చాపచ్చాగా మర పట్టిన 4 కిలోల బార్లీ మాల్టు, బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చే హాప్స్ పూల గుళికలు, చక్కెరను తిని ఆల్కహాలుగా మార్చే ఈస్టు పొడి 11.5 గ్రాముల ప్యాకెట్టు ఉన్నాయి. డేగిసా చూసిన వెంటనే మా అక్క, "ఏరా, ఇంత జావ ఎవరికి కాస్తున్నావు?" అని అడిగింది. ఆ మాట తప్పు కాదు, మొదటి గంట మనం చేసేది జావ పనే.

మాల్టు అంటే ఏమిటో డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నారుమడి పోయడానికి వడ్లను నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, ముక్కు పగిలేదాకా ఉంచుతాం కదా, బార్లీకి కూడా అదే చేస్తారు. మొలక రాబోయే గింజ తన లోపలి పిండిని చక్కెరగా మార్చుకోవడానికి ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది. మనం ఆ దశలో మడిలో చల్లుతాం, మాల్టు చేసేవాళ్ళు ఆ దశలోనే వేడిగాలితో ఆరబెట్టి మొలకను ఆపేస్తారు. ఆ ఎంజైములను మళ్ళీ వేడినీళ్ళలో పనిలో పెట్టి, గింజలోని పిండిని తీపి నీరుగా మార్చుకోవడమే ఆల్ గ్రెయిన్ పద్ధతి. డబ్బాలో వచ్చే మాల్టు పాకం కలుపుకునే సులువు దారి కూడా ఉంది కానీ, అది రెడీమేడ్ పిండితో దోసె పోసినట్టు ఉంటుందన్నది నా అభిప్రాయం.

ఈ కిట్‌తో నాకు జరిగిన నష్టం ఈ దశలోనే జరిగింది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. 27 లీటర్ల నీటిని 69 డిగ్రీల దాకా కాచి, సంచీని లోపల పరచి, మాల్టును ఉండ కట్టకుండా కలుపుతూ పోస్తే, వేడి తగ్గి 66 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అక్కడ గంటసేపు కదలకుండా ఉంచాలి. 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుగ్గా ఉండే ఎంజైము ఈస్టు తినగలిగే చిన్న చక్కెరలను ఇస్తుంది, 70 దగ్గర చురుగ్గా ఉండేది ఈస్టు తినలేని పెద్ద ముక్కలను మిగులుస్తుంది, 66 ఈ రెండింటికీ మధ్య రాజీ. నేను మూత మీది ముల్లు 66 చూపుతోందని నమ్మి, డేగిసాకు దుప్పటి చుట్టి కూర్చున్నాను. ఆ ముల్లు నాలుగు డిగ్రీలు తక్కువ చూపుతోందని, అంటే లోపల నిజానికి 70 ఉందని, రెండు వారాల తరువాత గానీ తెలియలేదు. నీటి సాంద్రత 1.000 అనుకుంటే, ఈస్టు వేసేముందు మా తీపి నీటిది 1.044 ఉంది, ఈస్టు చక్కెరను తినేకొద్దీ అది 1.010 దాకా దిగవలసి ఉండగా 1.018 దగ్గర మొండికేసింది. ఫలితంగా ఆల్కహాలు 3.4 శాతమే వచ్చింది, నోటికి జిగటగా తగిలింది. బ్లాండ్ ఏల్‌కు 3.8 నుంచి 5.5 శాతం ఉండాలని బీరు పోటీల ప్రమాణాలు చెబుతాయి, కాబట్టి నా మొదటి విడత పేరుకు మాత్రమే బ్లాండ్ ఏల్. అనుమానం వచ్చి ఆ థర్మామీటరును మరుగుతున్న నీళ్ళలో ముంచితే 96 చూపించింది.

రెండో విడతకు చేతితో ముంచే డిజిటల్ థర్మామీటరు కొన్నాను, గంట గడిచాక తెల్ల పళ్ళెంలో ఒక చెంచా తీపి నీరు పోసి టింక్చర్ అయోడిన్ చుక్క వేశాను. బడిలో బంగాళాదుంప మీద వేస్తే నల్లబడేది, గుర్తుందా? ఇక్కడ చుక్క రంగు మారకుండా ఎర్రగానే ఉంటే పిండి అంతా చక్కెర అయినట్టే లెక్క. పెళ్ళి వంటల్లో అన్నాన్ని వెదురు గంపలోకి వార్చినట్టు, సంచీని పైకెత్తి కారనివ్వాలి. తడిసిన 4 కిలోల మాల్టు దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది గనుక ఇద్దరు మనుషులు ఉండటం మంచిది. సంచీ కుట్టు గట్టిగా ఉంది, ఆ ఒక్క వస్తువుకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

తరువాతి గంట మరిగించడం. మొదటి పొంగు పాల పొంగు లాంటిదే, కళ్ళు తిప్పితే పొయ్యి పాలవుతుంది. పొంగు తగ్గగానే విల్లమెట్ రకం హాప్స్ 28 గ్రాములు వేశాను, ఎందుకంటే హాప్స్‌లోని చేదు బాగా మరిగితే గానీ నీటిలోకి దిగదు. సువాసన కోసం చివరి ఐదు నిమిషాల్లో మరో 14 గ్రాములు వేశాను. చల్లార్చడానికి చన్నీళ్ళు పారించే రాగి గొట్టం కిట్‌లో ఇవ్వకపోవడం పెద్ద లోపం. స్నానాల తొట్టిలో ఐసు గడ్డలు పోసి డేగిసాను అందులో దించి, గంటన్నర కాపలా కాయవలసి వచ్చింది.

చల్లారిన క్షణం నుంచి తగిలే ప్రతి వస్తువునూ క్రిమిరహితం చేయాలి. ఈ మాట మా ఊరి గీత కార్మికుడైన ఒక పెద్దాయనతో చెబితే ఆయన నవ్వి, "పాత ముంత కడగకపోతేనే కల్లు తొందరగా పొంగుద్దండి, ఈస్టు కొనడమేంటండి?" అన్నారు. ఆయన చెప్పింది ఆయన పనికి అక్షరాలా నిజం. తాటి గెల నుంచి కారే తీపి నీటిని ముంతలోనూ గాలిలోనూ ఉన్న సూక్ష్మజీవులే గంటల్లో పులియబెడతాయి. అవి పని చేయకూడదనుకున్నప్పుడు ముంతకు సున్నం పూస్తారు, అప్పుడు దిగేది నీరా. ఏల్‌కు మాత్రం మనం ఎంచుకున్న ఒక్క ఈస్టే రెండు వారాలపాటు ఒంటరిగా పని చేయాలి, పిలవని చుట్టం వచ్చిందంటే పులుపు వస్తుంది.

ఆ ఈస్టుకు 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి, పైగా పులిసేటప్పుడు బకెట్టు లోపల గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. మా బావ ఇంటి బేస్‌మెంటులో అక్టోబరు నెలలో ఆ చల్లదనం ఉచితంగా దొరికింది. 30 డిగ్రీలు దాటిన గదిలో ఇదే ఈస్టు పండు వాసనలనూ, గొంతులో మంట పెట్టే ఘాటైన ఆల్కహాళ్ళనూ వదులుతుంది, అందువల్ల టెక్సాస్‌లాంటి వేడి చోట్ల ఉన్నవారు బకెట్టు పట్టే పాత ఫ్రిజ్ సంపాదించకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

రెండో విడత 1.010 దగ్గర ఆగింది, అంటే సుమారు 4.5 శాతం. వరుసగా మూడు రోజులు ఆ అంకె కదలలేదని చూసుకున్నాకే, సీసాలో గ్యాసు పట్టడం కోసం 120 గ్రాముల పంచదారను మరిగించిన నీటిలో కరిగించి కలిపి, 50 సీసాలు నింపాము. పులియడం పూర్తికాకముందే మూత బిగిస్తే సీసాలు పేలుతాయి. మరో రెండు వారాలకు గ్యాసు పట్టింది. రంగు లేత గడ్డి రంగు, వాసనలో రొట్టె, చివర్న కొద్దిపాటి చేదు.

కిట్ మొత్తానికి నేను పదికి ఆరు ఇస్తాను. డేగిసా, సంచీ, హైడ్రోమీటరు డబ్బుకు న్యాయం చేస్తాయి. థర్మామీటరును పక్కన పెట్టి వేరేది కొనండి, రాగి గొట్టం ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. బకెట్టు కుళాయిని మాత్రం మంచినీళ్ళు పోసి ఒక రాత్రంతా పరీక్షించాకే వాడండి, ఎందుకంటే మాకు వాషరు తిరగేసి బిగించి వచ్చింది, మొదటి విడతలో రెండు లీటర్లు మా బావ కార్పెట్టు తాగింది.